సరిత కోపం



విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో, శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టాక తగిలే ఊరు టైడా. అనంతగిరి మండలం, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. సెలవురోజుల్లో విశాఖ నుంచి వచ్చేవాళ్ళకు ఇది రెండు మూడు గంటలు ఆగే చోటు. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాలుతుంటుంది, పొగ వాసన మలుపు దాకా వస్తుంది. ఆ పొయ్యిల దగ్గర నిప్పు ఎగదోస్తూ, బొంగు తిప్పుతూ, బేరం ఆడుతూ, చిల్లర లెక్క చూసుకుంటూ నిలబడేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. ఈ కొండల్లో ఉండి ఒక పాత సినిమా గురించి మాట్లాడాలనిపించడానికి కారణం వాళ్ళే.

ఆ సినిమా 'అంతులేని కథ'. 1976లో వచ్చింది. కె. బాలచందర్ దర్శకుడు, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం, ఆచార్య ఆత్రేయ పాటలు. అంతకు రెండేళ్ళ ముందు, 1974లో, ఇదే కథను బాలచందర్ తమిళంలో 'అవళ్ ఒరు తొడర్ కదై' పేరుతో తీశారు. అక్కడ కథానాయిక సుజాత, తెలుగులో జయప్రద. పాటలు ఇప్పటికీ రేడియోలో వస్తూనే ఉంటాయి. బాలసుబ్రహ్మణ్యం గారు రకరకాల గొంతులతో, జంతువుల అరుపులతో పాడిన మిమిక్రీ పాట తెలియని తెలుగువాళ్ళు తక్కువ. ఆ పాటను గుర్తుపట్టి నవ్వుకునేవాళ్ళలో చాలామందికి, అది ఎంత ఊపిరాడని ఇంటి కథలోదో ఇప్పుడు గుర్తుండకపోవచ్చు.

కథ క్లుప్తంగా చెప్తాను. సరిత ఉద్యోగం చేసే అమ్మాయి. ఇంట్లో తల్లి ఉంది. పెళ్ళికావలసిన చెల్లెలు ఉంది, భర్త పోయి పుట్టింటికి వచ్చిన మరో చెల్లెలు ఉంది, చూపులేని తమ్ముడు ఉన్నాడు. అన్న మూర్తి ఉన్నాడు, అతనికి పెళ్ళాం, పిల్లలు ఉన్నారు, తాగుడు ఉంది, పని మాత్రం లేదు. తండ్రి సంసారం వదిలేసి సన్యాసుల్లో కలిశాడు. ఇంతమందికీ నెల తిరిగేసరికి వచ్చే ఒకే ఒక్క జీతం సరితది. ఆమెను ప్రేమించినవాడు ఉన్నాడు. పెళ్ళి చేసుకుందామంటాడు. ఇంటిని ఎవరికి అప్పజెప్పి రావాలో తెలియక ఆమె వాయిదా వేస్తూ పోతుంది. ఎదురుచూసి ఎదురుచూసి అతని మనసు భర్త పోయిన చెల్లెలి వైపు మళ్ళుతుంది. అది తెలిసిన సరిత వాళ్ళిద్దరికీ తానే పెళ్ళి చేస్తుంది.

దీన్ని త్యాగం కథ అని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. సరిత కొవ్వొత్తి అనీ, కరిగిపోయి వెలుగిచ్చిందనీ రాసిన వ్యాసాలు చదివాను. నాకు ఆ మాట రుచించదు. ఆ సినిమాలో నన్ను ఇన్నేళ్ళూ వదలనిది సరిత త్యాగం కాదు, ఆమె కోపం. సరిత నోరు మంచిది కాదు. ఇంట్లో అందరినీ కసురుతుంది. ప్రతి రూపాయికీ లెక్క అడుగుతుంది. ప్రేమగా మాట్లాడవలసిన చోట కటువుగా మాట్లాడుతుంది. ఆమె ఇంట్లో అడుగుపెడితే మిగతావాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. అప్పటిదాకా మన సినిమాల్లో ఇల్లు మోసే ఆడపిల్ల అంటే కన్నీళ్ళు కొంగుతో ఒత్తుకుంటూ, అడిగినవాళ్ళకు అడిగినంత ఇచ్చి, దేవుడి పటం ముందు నిలబడే మనిషి. ఇచ్చేదీ ఆమే, వినయంగా ఉండవలసిందీ ఆమే. బాలచందర్ ఆ రెండో షరతు ఎత్తేశారు. ఇల్లు మోస్తున్న మనిషికి విసుగు వస్తుందని, ఆ విసుగు తప్పు కాదని తెర మీద ధైర్యంగా చూపించారు.

ఆ కోపం పట్టుకొచ్చిన జయప్రదకు అప్పటికి ఎంత వయసు? ఆమె రాజమండ్రిలో 1962 ఏప్రిల్‌లో పుట్టారు. అంటే ఇంచుమించు పద్నాలుగేళ్ళ పిల్ల. 1974లో 'భూమి కోసం' సినిమాలో ఒక చిన్న నాట్యంతో తెర మీదికి వచ్చిన అమ్మాయి. అదే 1976లో 'సిరిసిరిమువ్వ'లో మాటరాని హైమగా మనందరి మనసూ దోచారు. ఒకే ఏడాదిలో ఒక సినిమాలో నోరులేని పిల్ల, ఇంకో సినిమాలో నోటితోనే ఇంటిని నిలబెట్టే ఆడమనిషి. ఆ వయసులో అంత బరువు ముఖంలోకి ఎలా వచ్చిందో చెప్పలేను గానీ, సరిత బస్సుకోసం నిలబడ్డప్పుడు గానీ ఆఫీసు నుంచి ఇంటి గడప తొక్కేటప్పుడు గానీ ఆమె నడకలో ఒక బిగువు ఉంటుంది. ఎవరైనా ఒక్క మాట ఎక్కువ అడిగితే తెగిపోయే బిగువు.

మూర్తి పాత్రలో రజనీకాంత్. అంతకుముందు ఏడాదే తమిళంలో 'అపూర్వ రాగంగళ్'తో సినిమాల్లోకి వచ్చారు, తెలుగులో ఇది ఆయనకు తొలి సినిమా. ఈ సినిమాలో ఏసుదాసు గారు పాడిన వేదాంతం పాట ఉంది కదా, అది మూర్తి పాడేదే. ఆ పాట ఎంతో గొప్పది. విన్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. కానీ కథలో అది ఎవరి నోట వస్తోందో గమనించండి. లోకం తీరు మీద, దేవుడి లీల మీద పాడుకునే తీరిక ఆ ఇంట్లో ఒక్క మూర్తికే ఉంది. సరితకు మర్నాడు ఎనిమిదింటికల్లా బస్సు పట్టుకోవాలి. తండ్రి సంగతీ అంతే. సంసారం మీద విరక్తి కలిగితే మగవాడికి కాషాయం ఉంది, ఆ గుడ్డ కట్టుకున్నవాడికి ఊళ్ళో దండం కూడా దొరుకుతుంది. సరితకు అదే విరక్తి కలిగితే? ఇల్లు వదిలి పోయిన ఆడపిల్లకు మన దగ్గర ఉన్న పేర్లేమిటో శ్రోతలకు నేను చెప్పనక్కర్లేదు.

ఈ కథకు మన దేశంలో ఒక అక్క ఉంది. 1960లో బెంగాలీలో ఋత్విక్ ఘటక్ తీసిన 'మేఘే ఢాకా తారా'. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులై కలకత్తా శివార్లకు చేరిన కుటుంబం, ఆ ఇంట్లో సంపాదించే కూతురు నీత. సుప్రియా చౌధురి ఆ పాత్ర చేశారు. అందులో మొదట్లోనే ఒక చిన్న దృశ్యం ఉంది. నీత నడుస్తుంటే చెప్పు వారు తెగుతుంది. ఒక్క క్షణం ఆగి కాలివైపు చూసుకుంటుంది. మళ్ళీ నడుస్తుంది, అంతే. చెల్లెలికి చీర కావాలి, తమ్ముడికి బూట్లు కావాలి, ట్యూషన్లు చెప్పి తెచ్చిన డబ్బు ఆ కోరికలకే చాలదు. కొత్త చెప్పులు ఆ జాబితాలో ఎక్కడా ఉండవు. ఆమె ఎవరికీ చెప్పదు, ఎవరూ అడగరు. ఆ ఇంటి కథంతా ఆ తెగిన వారులోనే ఉంది.

నీతకు చివరికి క్షయ సోకుతుంది. షిల్లాంగ్ కొండల్లో శానిటోరియంలో చేరుస్తారు. తనకు బతకాలని ఉందని అన్నను పట్టుకుని ఆమె ఏడిస్తే ఆ ఏడుపు కొండల్లో మారుమోగుతుంది. ఈ మాట టైడాలో నిలబడి చెప్తున్నాను గనుక ఒకటి అనాలి. మన సినిమావాళ్ళకు కొండలు ఎప్పుడూ అలసినవాళ్ళు వచ్చి పడుకునే చోటు, లేదా ప్రేమికులు పాట పాడుకునే చోటు. కొండ మీద పుట్టిన ఆడమనిషికి అలుపు వస్తే ఎక్కడికి పోవాలన్నది నేను చూసిన ఏ సినిమా అడగలేదు.

ఘటక్ నీత ఆ చివరి ఏడుపు దాకా మౌనంగా అరిగిపోయింది. బాలచందర్ సరిత అరిచింది. పదహారేళ్ళ తేడాలో వచ్చిన మార్పు అది. సరిత కథ తర్వాత దేశమంతా తిరిగింది. 1977లో బెంగాలీలో 'కవిత', మాలా సిన్హా చేశారు. 1982లో హిందీలో 'జీవన్ ధారా', మన తాతినేని రామారావు గారి దర్శకత్వంలో రేఖ చేశారు. 1983లో కన్నడంలో బాలచందర్ తానే మళ్ళీ తీశారు, సుహాసిని చేశారు. ఇన్ని భాషల్లో మళ్ళీ మళ్ళీ తీశారంటే ప్రతి ఊళ్ళోనూ సరితలు ఉన్నట్టే. వాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని వచ్చి తమ కోపాన్ని మొదటిసారి తెర మీద చూసుకుని వెళ్ళి ఉంటారు.

ఆ కాలం కూడా అలాంటిదే. మన దేశంలో స్త్రీల స్థితిగతుల మీద వేసిన కమిటీ 1974లో నివేదిక ఇచ్చింది. 1975ను ఐక్యరాజ్య సమితి మహిళా సంవత్సరమంది. ఒకే పనికి ఆడా మగా ఒకే వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లో వచ్చింది, సరిత తెలుగులో తెరకెక్కిన ఏడే. ఆడపిల్ల ఆఫీసుకు వెళ్ళడం ఆమోదం పొందుతున్న రోజులు. కానీ ఆ ఆమోదంలో ఒక మెలిక ఉంది. ఆమె సంపాదన మీద ఇంటికి హక్కు వెంటనే వచ్చేసింది. ఇంటి మీద ఆమెకు హక్కు రావడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటా అన్నది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1986లో చట్టమైంది, దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. ఈ మధ్యలో, 1987లో, సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. వైద్యురాలైన కూతురు మీద తండ్రి వేసిన మనోవర్తి కేసు అది. పెళ్ళయిపోయిన కూతురికైనా తల్లిదండ్రులను పోషించే బాధ్యత ఉందని కోర్టు తేల్చింది. ఆ తీర్పు న్యాయమైనదే. తల్లిదండ్రులను చూడవలసిందే. కానీ వరస చూడండి. దేశంలో చాలాచోట్ల కూతురికి బాధ్యత రాతపూర్వకంగా ముందు వచ్చింది, వాటా తర్వాత వచ్చింది.

ఇప్పుడు మా కొండల దగ్గరికి వస్తాను. అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

అంతులేని కథను టైడా చుట్టుపక్కల ఏదో ఒక గూడెంలో పెట్టి చూడండి. కథలో సగం ముడులు వాటంతట అవే విడిపోతాయి. భర్త పోయిన చెల్లెలు మరొకరిని ఇష్టపడితే పట్నంలో అది పరువు సమస్య, అక్క గుండె రాయి చేసుకుని నడిపించవలసిన వ్యవహారం. మా కొండదొరల్లో, భగతల్లో, ఇంకా ఇక్కడి చాలా తెగల్లో భర్త పోయినామె మళ్ళీ మనువాడటం తప్పు కాదు. కాపురం కుదరకపోతే పెద్దల ముందు తెంచుకోవచ్చు. పెళ్ళికావలసిన చెల్లెలికి కట్నం పోగు చెయ్యలేదని సరిత కుమిలిపోనక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ ఆనవాయితీ ఓలి. మగపెళ్ళివారే ఆడపిల్ల ఇంటికి ఇచ్చుకోవాలి. ఇచ్చుకోలేని పిల్లవాడు మామ ఇంట్లో చాకిరీ చేసి పిల్లను చేసుకునే పద్ధతీ ఉంది. ఆడపిల్ల ఇల్లు వదిలిపోతే ఆ ఇంటికి రెండు చేతులు తగ్గిపోతాయన్న ఎరుక ఆ ఆచారంలో ఉంది. ఆమె పనికి విలువ ఉందని పదిమంది ముందు ఒప్పుకోవడం అది. ఓలి వల్ల అప్పులపాలైన కుర్రాళ్ళు లేరనను, ఓలి ఇచ్చాం కాబట్టి నోరెత్తకని కోడలిని గదమాయించిన అత్తలు లేరనను. అయినా కట్నం ఇచ్చి పంపేచోట కూతురు పుట్టగానే పడే బెంగ ఇక్కడ పడదు.

ఇంకో సంగతి. కొండ ఇంట్లో ఊరికే కూర్చుని తినే మనిషి అరుదు. చింతపండు దినాల్లో ఏ వాకిట్లోనైనా చూడండి. చెట్టెక్కి దులిపేది ఒకరు. ఎండిన కాయ పెంకు కొట్టేది ఒకరు. గింజ తీసి, ఈనె లాగి, పండును ముద్ద చేసి పక్కన పెట్టేది చూపు మందగించిన ముసలమ్మ. ఆమె కళ్ళతో పని లేకుండా వేళ్ళతోనే చేస్తుంది. బొటనవేలితో కాయ వెన్ను నొక్కి, ఒక్క లాగులో ఈనె మొత్తం తీసేస్తుంది, ఒక్క పోగు కూడా పండులో మిగలదు. చిన్నపిల్లలు గింజలు ఏరి వేరే గంపలో పోస్తారు, అవీ అమ్ముడుపోతాయి. అడ్డాకులు కూడా అంతే. అడవికి పోయి కోసుకొచ్చేది ఆడవాళ్ళు, ఎండలో పరచి తిరగేసేది పిల్లలు, విస్తరి కుట్టేది ఇంట్లో ఖాళీగా చెయ్యి ఉన్న ఎవరైనా. ఇలాంటి అటవీ సరుకు కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. సరిత తమ్ముడు ఇక్కడ పుట్టి ఉంటే వాడికి చూపు లేకపోయినా ఆ వాకిట్లో ఒక పని, ఆ పనితో ఒక చోటు ఉండేవి. ఆధారపడటం అనేది శరీరంలో ఉండే లోపం కాదని నాకు అర్థమైంది అలాంటి వాకిళ్ళ దగ్గరే. పని ఎక్కడ జరుగుతుంది, ఎవరెవరు దానికి చెయ్యి వెయ్యవచ్చు అన్నదాన్ని బట్టి అది ఉంటుంది. పని ఇంటి వాకిట్లో ఉన్నంతకాలం అందరూ చేస్తారు. పని ఊరవతల ఆఫీసుకు పోయి, దాని ఫలితం ఒక్కరి చేతికి జీతంగా వచ్చిన రోజున మిగతావాళ్ళు ఆ చేతివైపు చూడటం మొదలుపెడతారు.

ఆ రోజు మా కొండలకూ వచ్చింది. ఆశ్రమ పాఠశాలల్లో చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు అంగన్‌వాడీల్లో, ఆసుపత్రుల్లో, టూరిస్టు కాటేజీల్లో పనిచేస్తున్నారు. కొందరు కొండ దిగి విశాఖలో బట్టల దుకాణాల్లో, హాస్టళ్ళలో, అచ్యుతాపురం వైపు వేలాదిమంది ఆడపిల్లలతో నడిచే బట్టల కంపెనీల్లో కుదురుకుంటున్నారు. మిషను ముందు కూర్చుని రోజంతా ఒకే రకం కుట్టు వేసే పని. నెలాఖరుకు డబ్బు బ్యాంకులో పడుతుంది. ఆ సాయంత్రమే ఇంటినుంచి ఫోను.

"అప్పా, జీతం పడిందా?"

ఈ ఒక్క ప్రశ్న ఎన్ని గొంతుల్లో విన్నానో. మన ఉత్తరాంధ్రలో అక్కను అప్ప అంటాం. ఎంత తీయని పిలుపు. ఆ పిలుపు తర్వాత బాగున్నావా అన్న మాట రావలసిన చోట జీతం వచ్చి కూర్చుంది. అడిగే తమ్ముడు చెడ్డవాడేం కాదు. వాడికి కాలేజీ ఫీజు ఉంటుంది, నాన్నకు మందులుంటాయి, ఇంటి రేకులు ఎగిరిపోయి ఉంటాయి, చెల్లెలి సమర్త ఖర్చు ఉంటుంది. ఒక్కొక్కటీ నిజమైన అవసరమే. సరిత ఇంట్లోనూ ప్రతి అవసరమూ నిజమైనదే. కష్టం అక్కడే వస్తుంది. అబద్ధం చెప్పి అడిగితే లేదనడం తేలిక. నిజమైన అవసరాలన్నీ ఒకే మనిషి గుమ్మం ముందు వరస కడితే ఆ మనిషి ఎవరిని పొమ్మంటుంది?

దీనికి తోడు అప్పు. పొదుపు సంఘాల వల్ల ఆడవాళ్ళకు ఎంతో మేలు జరిగింది, అందులో సందేహం లేదు. వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి బయటపడ్డారు, బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నారు. అయితే చాలా ఇళ్ళలో సంఘం అప్పు ఆమె పేరున వస్తుంది, ఆ డబ్బుతో కొన్న బండి మొగుడి పేరున వస్తుంది. వాయిదా కట్టవలసిన రోజున పుస్తకం ఆమె చేతిలో ఉంటుంది, బండి ఆయన కింద ఉంటుంది. బండి మీద ఆయన పనికి పోతే బాగే. పోకపోతే ఆమె ఇంకో చోట కూలికి పోయి కడుతుంది. సంఘం మీటింగులో పరువు పోయేది ఆమెదే కదా.

తాగుడు గురించి వేరే చెప్పాలా? జీలుగు కల్లు మా కొండల్లో పండగలో, పంచాయితీలో, పెళ్ళిమాటల్లో ఉన్నదే, ఆడా మగా కలిసి కూర్చుని తాగేదే. దాన్ని నేను తప్పుపట్టను. సీసాల్లో వచ్చిన మందు సంగతి వేరు. దానికి రోజూ డబ్బు కావాలి. డబ్బు ఎవరిదగ్గర ఉంటే వాళ్ళను అడగాలి, ఇవ్వకపోతే కొట్టాలి. మూర్తి ఆ రకం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారంటే, అక్కడినుంచి రాష్ట్రమంతా రాజుకుని 1993లో సారా నిషేధం దాకా వెళ్ళిందంటే, దాని వెనుక ఉన్నది సరిత కోపమే. సరిత ఒక్కత్తే ఇంట్లో అరిచింది. వాళ్ళు కలిసి వీధిలోకి వచ్చి అరిచారు.

అందుకే ఇల్లు మోసే ఆడపిల్ల కసిరితే నాకు భయం వెయ్యదు. ఆమె కసరడం మానేస్తే భయం వేస్తుంది. కొంతమంది పెద్దవాళ్ళు నాతో అంటుంటారు, ఫలానా పిల్ల నాలుగు డబ్బులు కళ్ళజూసేసరికి నోరు పెరిగిందని. నాలుగు డబ్బులు కళ్ళజూసింది ఆ పిల్ల కాదు. ఆమె చేతికి వచ్చీ రాకముందే అవి మీ చేతుల్లోకి వచ్చాయి. నోరు ఒక్కటే ఆమెకు మిగిలింది.

మన దేశంలో సమయం ఎవరు ఎలా గడుపుతున్నారని 2019లో ప్రభుత్వం పెద్ద సర్వే చేయించింది. ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దాని మీద అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు, మగవాళ్ళు 97. దాదాపు అయిదు గంటలకు ఒకటిన్నర గంట. సంపాదించే ఆడపిల్లకు ఆ అయిదు గంటలు పూర్తిగా మాఫీ కావు. సరిత ఇంట్లో వదిన వంట చేస్తుంది గనుక సరిత ఆఫీసుకు వెళ్ళగలిగింది. ఆ వదిన గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదో బాధ. తాగుబోతు మొగుడితో, పిల్లలతో, ఆడబిడ్డ సంపాదన మీద బతుకుతున్నానన్న చిన్నతనంతో పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఆమె. ఆమె ఆధారపడ్డదా? ఆమె చాకిరీ లేకపోతే సరిత జీతమే లేదు. జీతం తెచ్చేవాళ్ళను మాత్రమే మోసేవాళ్ళుగా లెక్కించే పద్ధతిలోనే ఏదో పొరపాటు ఉంది. అందుకే ఈ కథలో ఎవరి బరువు ఎవరి మీద ఉందో తేల్చేటప్పుడు నేను తల్లినీ వదిననూ చెల్లెళ్ళనూ పిల్లలనూ తమ్ముణ్ణీ పక్కకు తీసేస్తాను. వాళ్ళు ఆధారపడవలసినవాళ్ళు, లేదా పని చేస్తూ కూడా పేరు రానివాళ్ళు. మిగిలేది ఇద్దరు. ఒంట్లో సత్తువ ఉండి కూర్చున్న అన్న, ఒంట్లో సత్తువ ఉండి లేచిపోయిన తండ్రి.

మా కొండల్లో ఒక చిన్న కాగితం గురించి కూడా చెప్పాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి ఇచ్చే పట్టా, పెళ్ళయినవాళ్ళయితే భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలి. ఒక్కరే ఇల్లు నడుపుతుంటే ఆ ఒక్కరి పేరున ఇవ్వాలి. అంటే పెళ్ళి చేసుకోకుండా ఇల్లు మోస్తున్న ఆడమనిషి పేరు కూడా ఆ పట్టా మీదికి ఎక్కవచ్చు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు గనుక ఇక్కడ భూమి కట్టుబాటు ప్రకారం కొడుకులకే పోతుంది. అందువల్ల ఈ కాగితం మీద ఉండే పేరుకు మైదానంలోకన్నా ఇక్కడ విలువ ఎక్కువ. మీ ఇంట్లో పట్టా ఉంటే ఒకసారి తీసి చూడండి, ఎవరి పేర్లున్నాయో. ఇల్లు గడవడానికి కాఫీ పళ్ళు కోసి, మిరియాలు ఎండబెట్టి, కొండచీపుళ్ళు కట్టి సంతకు మోసిన మనిషి పేరు అందులో ఉందో లేదో.

సినిమా ముగింపు చాలామందికి నచ్చదు. ఆఫీసులో పై అధికారి సరితను చేసుకుంటానంటాడు. తెలుగులో ఆ పాత్ర కమల్‌హాసన్ చేశారు. అప్పటికి మూర్తి మారతాడు. తాగుడు మానేసి, ఇంటి బాధ్యత నాది, నువ్వు వెళ్ళి సుఖపడమ్మా అంటాడు. సరిత మొదటిసారి తేలికపడుతుంది. తీరా పెళ్ళి ముంచుకొచ్చిన వేళ మూర్తి హత్యకు గురవుతాడు. సరిత పెళ్ళి జరగదు, మళ్ళీ ఉద్యోగానికి బయల్దేరుతుంది. ఎందుకింత క్రూరంగా ముగించారు, ఆ పిల్లకు ఒక్క సుఖం ఇస్తే ఏం పోయింది అని అడిగేవాళ్ళున్నారు. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది.

ఇప్పుడు మాత్రం నా దృష్టి ఆ చావు మీద నిలవదు, దానికి ముందు ఉన్న ఆ కొద్ది రోజుల మీద నిలుస్తుంది. మూర్తి పనికి వెళ్ళగలిగాడు. తాగకుండా ఉండగలిగాడు. చెల్లెలి పెళ్ళి పనులు చూడగలిగాడు. ఇవన్నీ అతనికి చేతనయ్యేవే, మొదటినుంచీ చేతనయ్యేవే. సరిత మోస్తోంది గనుక చెయ్యలేదు, అంతే.  అంటే ఆమె ఇన్నేళ్ళు పడ్డ కష్టంలో సగం పడనక్కర్లేనిదని ఆ కొద్ది రోజులు తేల్చేశాయి. నాకు అన్న చావుకన్నా ఈ నిజమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఈ సినిమా టీవీలో ఎప్పుడైనా వస్తే మీ అమ్మాయిలతో కాదు, ఈసారి మీ అబ్బాయిలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అమ్మాయిలకు ఆ కథ తెలుసు. మూర్తి తేరుకునే ఘట్టం వచ్చినప్పుడు, ఈ పని ముందే ఎందుకు చెయ్యలేదని అబ్బాయిలను అడగండి. చప్పున జవాబు రాదు. వచ్చేదాకా ఆగండి.